రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జర్మనీ గురించే. వీసా రుసుము ఎంత, ఏ కాగితాలు కావాలి అని అడిగినవాటిని పక్కన పెట్టాను. వాటికి రాయబార కార్యాలయం వెబ్‌సైటులో నాకంటే మంచి సమాధానాలు ఉన్నాయి. 2003లో కాకినాడ నుంచి ఒక్కదాన్నే స్టుట్‌గార్ట్ వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే కాపురం ఉంటున్న మనిషిగా నాకు తెలిసిన సంగతులు వేరు. అవి అడిగిన నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడవైపోయింది. మరీ విసుగనిపిస్తే చివర పచ్చడి గురించి ఒక ప్రశ్న ఉంది, ముందు అది చదవండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు. మాది తెనాలి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఆరేళ్లుగా చెన్నైలో కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంటర్ చదివేటప్పటి నుంచి జర్మనీ వెళ్లాలని కల. జర్మన్ భాషలో బి1 అనే మధ్యస్థాయి పూర్తిచేశాను. అక్కడ నాకు చుట్టాలు కాదు కదా, ముఖపరిచయం ఉన్నవాళ్లు కూడా లేరు. అమెరికా అయితే మేనమామ కొడుకు ఉన్నాడు, దిగగానే ఇంటికి తీసుకెళ్తాడు, అక్కడికే వెళ్లమని బంధువులంతా పోరుతున్నారు. నాన్న లేరు. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. ఉద్యోగం చేతికి రాకముందే, అక్కడికి వచ్చి పని వెతుక్కోమని ఇచ్చే ఆపర్చునిటీ కార్డు మీద వెళ్లవచ్చా? ఎవరూ లేని చోట నిలదొక్కుకోగలనా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు లెక్క చూద్దాం, అది తేలిక. 2024 జూన్ 1న మొదలైన ఆపర్చునిటీ కార్డుకు ఆరు పాయింట్లు కావాలి. ముప్పై అయిదు దాటని వయసుకు రెండు, అయిదేళ్లకు మించిన అనుభవానికి మూడు, బి1కు రెండు. మీకు ఏడు వచ్చాయి. మీ డిగ్రీని జర్మన్ డిగ్రీకి పూర్తి సమానంగా గుర్తిస్తే అసలు పాయింట్ల గొడవే లేదు. ఈ పట్టికలో ఒక విశేషం గమనించారా? ఎక్కడా బంధువుల ప్రస్తావన లేదు. కెనడావాళ్ల వలస పథకం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో తోబుట్టువు అక్కడ ఉంటే 15 పాయింట్లు ఇస్తారు. జర్మనీ మీ అన్నదమ్ముల ఊసే ఎత్తదు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది.

వీసా కాగితం అడగని బంధువును వచ్చిన మొదటి వారంలోనే ఊరు అడుగుతుంది.

ఎలాగంటే, ఇల్లు చేరిన రెండు వారాల్లో నగరపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ నమోదు అయ్యాకే పన్ను సంఖ్య వస్తుంది. అదీ ఫోనుకు రాదు, పోస్టులో వస్తుంది. బ్యాంకు కార్డు ఒక కవరులో, దాని రహస్య సంఖ్య ఇంకో కవరులో, ఆరోగ్య బీమా కార్డు మరో కవరులో. ఇక్కడి అపార్ట్‌మెంట్లకు ఫ్లాటు నంబర్లు ఉండవు. పోస్టుమనిషి ఉత్తరాల పెట్టె మీది ఇంటిపేరు చూసి వేస్తాడు. పెట్టె మీద మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. అంటే, ఈ దేశంలో మీరు ఉన్నారనడానికి మొదటి రుజువు ఒక రేకు పెట్టె మీద అతికించిన కాగితం ముక్క. కాకినాడలో మా ఇంటిపేరు పెళ్లి శుభలేఖల్లో తప్ప ఎవరూ పలికేవారు కాదు. ఇక్కడ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. మొదటి ఏడాది వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మా తాతగారిని పిలుస్తున్నారేమో అనిపించేది.

మేనమామ కొడుకు ఉన్నవాడికి ఈ పెట్టె సిద్ధంగా ఉంటుంది. అతని పేరు కింద మీ పేరు రాసి అతికిస్తే సరిపోతుంది. లేనివాడు ఇల్లు వెతుక్కోవాలి. ఇల్లుగలవారు మూడు నెలల జీతం చీటీలు అడుగుతారు, షూఫా అనే సంస్థ ఇచ్చే అప్పుల చరిత్ర అడుగుతారు. నిన్న దిగినవాడికి జీతమూ లేదు, చరిత్రా లేదు. పైగా మూడు నెలల అద్దె వరకూ అడ్వాన్సు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టం ఇచ్చింది, ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. ఇంకో మాట. ఇల్లు చూపించకుండా, తాను విదేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళంచెవి కొరియర్‌లో పంపుతానని ఎవరైనా అంటే అతడు మోసగాడు. చుట్టాలు లేనివాళ్లనే వెతికి పట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ల తరఫున వెళ్లి ఆ ఇల్లు చూసి రాగల మనిషి ఊళ్లో ఉండడు.

అందుకని నా సలహా, వీలైనంతవరకు ఉద్యోగం సంపాదించుకునే రండి. ఆపర్చునిటీ కార్డుతో ఏడాది ఉండవచ్చు, వారానికి ఇరవై గంటలు పనిచేయవచ్చు. కానీ 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 యూరోల చొప్పున 13,092 యూరోలు, నెలకు కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంటులో చూపాలి. రూపాయల్లో ఇంచుమించు పదమూడు లక్షలు. అది మీ అమ్మగారి పేరున ఉన్న డిపాజిట్ అయితే ఆ ఆలోచన ఇక్కడితో మానేయండి. పైగా మీ రంగం ఇప్పుడు బాగాలేదు. మా స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కార్ల పరిశ్రమలో 2024 నుంచి వేల ఉద్యోగాల కోత ప్రకటిస్తున్నారు. అదే డిజైను పనికి రైళ్లు, వేడి నీటి పంపులు, వైద్య పరికరాల కంపెనీలు చూడండి. మాకు దక్షిణాన టుట్లింగెన్ అనే చిన్న ఊరు ఉంది. శస్త్రచికిత్స పనిముట్ల తయారీకి ప్రపంచంలోనే పేరున్న ఊరు. అలాంటి చోట అద్దె తక్కువ, కంపెనీవాళ్లే ఇల్లు చూసిపెట్టే అవకాశం ఎక్కువ. బెర్లిన్, మ్యూనిక్ అని కల కనేవాళ్లు ఇలాంటి ఊళ్ల పేర్లు కూడా వినరు. చుట్టాలు లేనివాడికి చిన్న ఊరే మేలని నా అనుభవం. చాలామంది ఒప్పుకోరు, నేను వాదించను.

ఇక మీ అసలు ప్రశ్న, నిలదొక్కుకోగలనా అన్నది.

నేను వచ్చింది ఐటీ వాళ్ల కోసం జర్మనీ 2000లో పెట్టిన గ్రీన్‌కార్డు పథకం కింద. ఇల్లు దొరికిందని సంబరపడి తలుపు తీస్తే లోపల వంటిల్లు లేదు. గది ఉంది, గోడలోంచి రెండు పైపులు, పొయ్యికి ఒక ప్లగ్గు. గట్టు లేదు, సింకు లేదు. లైట్లు కూడా విప్పుకుని పోయారు, పైకప్పు నుంచి తీగలు వేలాడుతున్నాయి. ఇక్కడ అదే పద్ధతట. మూడు వారాలు కిటికీ అరుగు మీద ఒంటి కరెంటు పొయ్యి పెట్టుకుని అన్నం వండాను, గిన్నెలు స్నానాల గదిలో కడిగాను.

నాలుగో వారంలో నా తలుపు పిడికి ఒక చెక్కపలక వేలాడుతూ కనిపించింది. మీద ఏదో రాసి ఉంది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి ఎదుటి తలుపుకు తగిలించాను. శనివారం పొద్దున్నే గంట మోగింది. కింది అంతస్తులో ఉండే డెబ్బై దాటిన ఆవిడ. చేతిలో చీపురు, బకెట్టు. ఆ పలకను మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ ప్రాంతంలో కేర్‌వోఖె అని ఆచారం ఉంది. వంతుల వారీగా ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్లు మెట్లు, వీధి వాకిలి ఊడ్చి తుడవాలి. ఆ వారం నా వంతు. నేను ఊడ్చిన మెట్లు చూసి ఆవిడ తల అడ్డంగా ఊపి, మూలల్లోకి చీపురు ఎలా పోనివ్వాలో చేసి చూపించింది. మా అమ్మ కూడా నన్ను అలా పట్టుకుని నేర్పలేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు నాకు తెలియదు, ఈ ఊళ్లో నాతో పని పెట్టుకున్న మొదటి మనిషి ఆవిడే అని.

2004 జనవరిలో ఒక రాత్రి చెత్త పారేయడానికి కిందికి దిగాను. ఇక్కడి తలుపులు మూస్తే చాలు, బయటి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవు. కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు, ఒంటిమీద నైటీ, బయట మంచు. తాళాలవాడు వచ్చి రెండు నిమిషాల్లో తలుపు తీసి 180 యూరోలు నగదు అడిగాడు. నా దగ్గర లేవు. కింది ఆవిడ తన డబ్బాలోంచి తీసి ఇచ్చింది. మర్నాడు అప్పు తీర్చడానికి వెళితే డబ్బు తీసుకుని, చెయ్యి చాపింది. ఇంకా ఏం ఇవ్వాలో అర్థం కాలేదు. "రెండో తాళంచెవి" అంది.

ఆవిడకు నేను మామ్మగారని పేరు పెట్టుకున్నాను. పోనుపోను తెలిసింది, ఆవిడా ఇక్కడి మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న సుడేటెన్‌లాండ్ నుంచి లక్షలాది జర్మన్లను వెళ్లగొట్టినప్పుడు, 1946లో, పద్నాలుగేళ్ల వయసులో తల్లితో కలిసి ఒక పెట్టెతో దిగింది. ఎవరో తెలియని రైతు ఇంట్లో ఒక గది ఇచ్చారట. ఆ ఇంటివాళ్లకు వీళ్లు రావడం ఇష్టం లేదట. మెట్లు ఊడవడం అక్కడే నేర్చుకున్నానని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

2006లో నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆసుపత్రి కాగితంలో, అవసరమైతే ఎవరికి కబురు చేయాలి అని ఒక గీత. నాన్నగారి పేరు, కాకినాడ ఫోను నంబరు రాశాను. నర్సు ఆ తొంభై ఒకటితో మొదలైన అంకె చూసి మర్యాదగానే అడిగింది, "ఈయన ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది?" కొట్టేసి మామ్మగారి నంబరు రాశాను. మీరు ఇక్కడికి వచ్చాక అలాంటి గీతలు చాలా వస్తాయి. ఆఫీసులో, పంటి డాక్టరు దగ్గర, జిమ్‌లో. ఒక విషయం ఇప్పుడే చెబుతాను, చాలామందికి తెలియదు. మీరు స్పృహలో లేకపోతే మీ వైద్యం గురించి నిర్ణయించే హక్కు కన్నతల్లికి కూడా దానంతట అది రాదు. 2023 జనవరి నుంచి భార్యాభర్తలకు మాత్రం ఆరు నెలల పరిమితితో ఆ హక్కు ఇచ్చారు. పెళ్లికానివాడు ముందే ఒక అధికారపత్రం రాసి పెట్టుకోవాలి. దాని నమూనా న్యాయశాఖ ఉచితంగా ఇస్తుంది. ఎవరి పేరు రాయాలన్నదే ప్రశ్న. ఆ పేరు వీసాతో పాటు రాదు. సంపాదించుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇంతకీ చుట్టం చేసే పనులేమిటో చూడండి. మొదటి చిరునామా ఇస్తాడు, తాళంచెవి దాచిపెడతాడు, ఆసుపత్రి గీత మీద పేరు అవుతాడు, మీరు తప్పు చేస్తే చీపురు పట్టుకుని వస్తాడు. ఈ నాలుగూ ఒకే మనిషి చేయనక్కర్లేదు. చిరునామా కంపెనీ ఇవ్వవచ్చు, తాళంచెవి పక్కింటివారు ఉంచుకోవచ్చు. మీ మేనమామ కొడుకు నాలుగూ చేస్తాడని మీ బంధువుల నమ్మకం. చేస్తే అదృష్టం. మూడు నెలల తరువాత కూడా అలాంటి చుట్టం హాల్లో సోఫా మీదే పడుకుంటున్నవాళ్ల ఉత్తరాలు కూడా నాకు వస్తుంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. "అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది." జర్మనీ గురించి పది వాక్యాలు రాసి, ఈ మాట మధ్యలో ఒక్కసారి అని దాటేశారు. 2011లో మా నాన్నగారు కాకినాడ ఇంట్లో స్నానాల గదిలో పడిపోయారు. అమ్మ అప్పటికే లేదు. వీధి తలుపు లోపల గడియ. ఎదురింటివారు పాలపాకెట్లు రెండు రోజులవి గుమ్మంలోనే ఉండడం చూసి తలుపు పగలగొట్టారు. నాకు ఫోను వచ్చేసరికి ఆఫీసులో ఉన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్, హైదరాబాదు, అక్కడి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్. ఇల్లు చేరేసరికి ఒకటిన్నర రోజు. ఆయన కోలుకున్నారు, మరో అయిదేళ్లు బతికారు. కానీ ఆ రైల్లో రాత్రంతా నేను ఆలోచించింది ఒకటే. స్టుట్‌గార్ట్‌లో నా తాళంచెవి ఒక పరాయి ముసలావిడ దగ్గర ఏడేళ్లుగా ఉంది, కాకినాడలో నాన్న తాళంచెవి ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి చెన్నైలో రాజీనామా ఇవ్వకముందే తెనాలిలో రెండు నెలలు ఉండండి. అమ్మగారికి తెలిసిన ఒక డాక్టరు, ఇంటి తాళంచెవి దగ్గరుంచుకునే ఒక ఇల్లు, రోజూ పొద్దున ఒక్కసారి పలకరించే ఒక మనిషి. ఈ మూడూ కుదిర్చి, లోపలి గడియ తీయించి బయటి నుంచి కూడా తెరుచుకునే తాళం పెట్టించండి. అమ్మగారిని తెచ్చుకునే దారీ ఒకటి ఉంది. 2024 మార్చి 1 తరువాత మొదటి నివాస పర్మిట్ తీసుకున్న నిపుణ ఉద్యోగులు తల్లిదండ్రులను రప్పించుకోవచ్చని చట్టం మార్చారు. నాకు ఆ వరం లేదు, నేను ముందొచ్చాను. అయితే ఆవిడ ఖర్చులు, ఆరోగ్య బీమా మీరే చూపాలి. ఆ వయసువారిని ప్రభుత్వ బీమాలోకి తీసుకోవడం కష్టం, ప్రైవేటు బీమా చాలా ఖరీదు. ఆ ధర కనుక్కున్నాకే అమ్మగారికి మాట ఇవ్వండి. అదీ కాక, తెనాలిలో నలుగురితో ఉన్న ఆవిడను ఇక్కడి నాలుగు గోడల మధ్యకు తెస్తే, చుట్టాలు లేని మనిషి మీరు కాక ఆవిడ అవుతుంది. ఒకసారి 90 రోజుల సందర్శక వీసా మీద తీసుకొచ్చి, అదీ జనవరిలో తీసుకొచ్చి, అడగండి.

మామ్మగారు 2016లో పోయారు. హాంబర్గ్‌లో ఉండే ఆవిడ కొడుకు ఇల్లు ఖాళీ చేస్తూ నా తాళంచెవి కవరులో పెట్టి తెచ్చి ఇచ్చాడు. దానికి దారంతో కట్టిన చీటీ మీద ఆవిడ చేతిరాత: "మూడో అంతస్తు. ఇండియా." ఇప్పుడది నాలుగో అంతస్తులో కొత్తగా చేరిన సిరియా కుటుంబం దగ్గర ఉంది. వాళ్లది నా దగ్గర.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి నర్సింగ్ చదివి హైదరాబాదులో ఆసుపత్రిలో చేస్తోంది. జర్మనీకి పంపిస్తామని ఒక ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు. అక్కడ మాకు ఎవరూ లేరు, తానే దగ్గరుండి చూసుకుంటానని అంటున్నాడు. పొలం అమ్మి ఇవ్వమంటారా?
– ఒక తల్లి, నిర్మల్ జిల్లా

జవాబు: వద్దమ్మా. పొలం అమ్మకండి.

జర్మనీకి నర్సులు కావాలి. ఎంతగా అంటే, నియమించుకునే ఆసుపత్రే ఖర్చు భరించాలి, నర్సు దగ్గర పైసా తీసుకోకూడదు అన్న షరతుతో మంచి సంస్థలకు ఇక్కడ ఒక నాణ్యతా ముద్ర కూడా ఇస్తారు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలు చూపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. అతడు తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతే. ఆ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని పేరు ఉందో లేదో మీ అమ్మాయి అయిదు నిమిషాల్లో చూడగలదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది, ముందు అక్కడ అడగమనండి.

వెళ్లే ముందు అమ్మాయి చేత ఒప్పందం మొత్తం చదివించండి. ఫలానా ఏళ్లలోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలి అనే షరతు ఎంత ఉందో చూడమనండి. మన డిగ్రీకి ఇక్కడ గుర్తింపు వచ్చేదాకా, అంటే పరీక్షో శిక్షణో పూర్తయ్యేదాకా, సహాయకురాలి జీతమే ఇస్తారు. ఆ సంగతి తెలియక వచ్చి, పడకలు సర్దే పని చేయిస్తున్నారని ఏడ్చిన పిల్లలను చూశాను. దగ్గరుండి చూసుకుంటానన్న ఏజెంటు విమానాశ్రయం దాటాక ఫోను ఎత్తడు. ఒక్కతే కాకుండా, అదే ఆసుపత్రికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే బృందంలో పంపండి. ఒకరి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది.

ప్రశ్న: నేను జర్మనీలోని కెమ్‌నిట్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. వచ్చి పద్నాలుగు నెలలు. మాది హనుమకొండ. క్లాసు, పార్ట్‌టైం పని, గది. రోజూ అమ్మతో రెండు గంటలు వీడియో కాల్ మాట్లాడతాను, ఫోను పెట్టాక ఇంకా దిగులుగా ఉంటుంది. ఆదివారం షాపులు కూడా మూసి ఉంటాయి. నిద్ర సరిగా పట్టడం లేదు. కలల దేశం అని వచ్చాను. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.
– 24 ఏళ్ల విద్యార్థిని

జవాబు: నాకు రాశావు, మంచి పని చేశావు. ఇంకొకరికి కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయాల దగ్గర విద్యార్థి సేవాసంస్థలు ఉంటాయి, క్యాంటీన్ నడిపేవాళ్లే. వాళ్ల దగ్గర మానసిక సలహాదారులు ఉంటారు, విద్యార్థులకు ఉచితం. ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. ఈ వారమే సమయం తీసుకో. అర్ధరాత్రి భరించలేనట్టు ఉంటే 0800 1110111 కు ఫోను చెయ్యి, ఉచితం, పేరు అడగరు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే 112. ఆదివారం జ్వరం వచ్చి డాక్టరు దొరక్కపోతే 116117. ఈ మూడు నంబర్లూ గోడ మీద రాసి పెట్టుకో.

అమ్మతో మాట్లాడటం మానమని చెప్పను. రెండు గంటలు మాత్రం ఎక్కువ. చలికాలం మనకూ హనుమకొండకూ నాలుగున్నర గంటలు తేడా, వేసవిలో మూడున్నర. నువ్వు క్లాసు నుంచి వచ్చేసరికి అమ్మకు నిద్రవేళ దాటిపోతుంది, ఆవిడ నీ కోసం మేలుకుని ఉంటుంది. నీ దిగులు చూసి ఆవిడ, ఆవిడ కళ్లు చూసి నువ్వు. పొద్దున బస్సులో వెళ్తూ ఇరవై నిమిషాలు మాట్లాడి చూడు. అప్పుడు ఆవిడ వంట చేస్తూ ఉంటుంది, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒక పని ఉంటుంది.

జర్మన్లు స్నేహం చేయరని అందరూ అంటారు. వీధిలో చేయరు, నిజమే. సంఘంలో చేస్తారు. ఈ దేశంలో నమోదైన సంఘాలు ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. చదరంగానికి ఒకటి, కుందేళ్ల పెంపకానికి ఒకటి, కలిసి పాడటానికి ఊరికి రెండు. నేను చేరింది 1888లో పుట్టిన ష్వాబియా (మా స్టుట్‌గార్ట్ ప్రాంతం) కొండబాటల సంఘంలో. మొదటి ఆరు నెలలు నాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, వాతావరణం గురించి తప్ప. ఏడో నెల ఒకాయన, నేను రెండు ఆదివారాలు రాలేదని ఇంటికి ఫోను చేశాడు. వాళ్ల లెక్కలో అది కౌగలింత. నీకు ఏది ఇష్టమో నువ్వు రాయలేదు. కబడ్డీ అయినా, కుట్టుపని అయినా, వెళ్లాల్సింది మాత్రం వారం వారం అదే చోటికి, అదే వేళకు. వెళ్లిన రోజే బాగుంటుందని అనుకోకు.

పై చదువు మధ్యలో వదిలి వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపోవచ్చు కూడా. కానీ ఆ నిర్ణయం నవంబరులో తీసుకోకు, మే నెలలో తీసుకో. నవంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. ఇరవై ఏళ్లుగా ఉన్నాను, ప్రతి నవంబరులోనూ కాకినాడ టికెట్ ధర చూస్తాను.

ప్రశ్న: మా తమ్ముడు వచ్చే నెల జర్మనీ వెళ్తున్నాడు. అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు, తిండికి ఇబ్బంది పడతాడని పచ్చళ్లు, నెయ్యి, కరివేపాకు, సున్నుండలు సర్దుతున్నాం. ఏవైనా ఆపేస్తారా?
– అక్కగారు, భీమవరం

జవాబు: ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి ధైర్యంగా పెట్టండి. రొయ్యల పచ్చడి పరవాలేదు గాని, చికెన్, మటన్ పచ్చళ్లు వద్దు. మాంసం, పాల పదార్థాలు ఐరోపా బయటి నుంచి సామానులో తేనివ్వరు. కాబట్టి నెయ్యి డబ్బా తీసేయండి, కోవా మిఠాయిలూ తీసేయండి. సున్నుండల్లో నెయ్యి ఉంది. కస్టమ్స్‌వాళ్లు కొరికి చూడరు కానీ, అడిగితే అబద్ధం చెప్పమని నేను రాయలేను. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా 2019 డిసెంబరు నుంచి కుదరవు. కరివేపాకు పొడి కొట్టి పంపండి.

నెయ్యికి బెంగ వద్దు. ఇక్కడ వెన్న 250 గ్రాముల పొట్లాల్లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, నాలుగు పొట్లాలు కాచుకుంటే నెల గడుస్తుంది. కాచేటప్పుడు కిటికీ తెరవమని చెప్పండి, మెట్ల మీదికి వాసన పోతే కిందివాళ్లు పైకి వస్తారు. ఆవపిండి మాత్రం మరిచిపోకండి. ఇక్కడ ఆవాలను ముద్ద చేసి గొట్టాల్లో అమ్ముతారు.